చేపల మార్కెట్టు గవర్నరు

ప్రశ్న: మాస్టారూ, నేను గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నాను. మామిడి సీజన్‌లో అమ్మతో కలిసి గుజ్జు ఫ్యాక్టరీకి పనికి వెళ్తాను. చేపల మార్కెట్లో పనిచేసిన ఒకాయన అమెరికాలో గవర్నరయ్యాడని కోచింగ్ సెంటర్లో ఎవరో అన్నారు. నిజమేనా? అయినా గవర్నరు చేసేదేముంది, సంతకాలే కదా?
– ఓ పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: నిజమేనమ్మా. ఆయన పేరు ఆల్ స్మిత్. న్యూయార్క్ రాష్ట్రానికి గవర్నరుగా నాలుగుసార్లు గెలిచాడు.

ముందు నీ రెండో ప్రశ్న తేల్చేద్దాం. మన గవర్నర్ని రాష్ట్రపతి నియమిస్తారు. అక్కడ జనమే ఓటేసి గెలిపిస్తారు. ప్రభుత్వాన్ని నడిపేది ఆయనే, బిల్లు నచ్చకపోతే వీటో చేసేదీ ఆయనే. మన ముఖ్యమంత్రి లాంటివాడనుకో. కాకపోతే సభలో మెజారిటీ లేకపోయినా కుర్చీకి ఢోకా ఉండదు. పరీక్షలో ఇక్కడే చాలామంది తడబడతారు.

స్మిత్ 1873లో న్యూయార్క్‌లోని ఓ పేదల పేటలో పుట్టాడు. తండ్రి బండి తోలేవాడు. ఆయన పోయాక కొడుకు 14 ఏళ్లకే బడి మానేశాడు. తర్వాత ఫుల్టన్ చేపల మార్కెట్లో వారానికి 12 డాలర్ల జీతానికి చేరాడు. పెద్దయ్యాక ఎవరైనా చదువు గురించి అడిగితే, తన డిగ్రీ ఆ మార్కెట్టేనని నవ్వేసేవాడు. 1904లో అసెంబ్లీలో అడుగుపెడితే బిల్లుల్లో ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆ కాగితాలన్నీ గదికి మోసుకెళ్లి రాత్రుళ్లు కూర్చుని చదివాడు. నువ్వు సీజన్ పని చేసుకుంటూ పాలిటీ చదువుతున్నావే, అచ్చం అలాగే.

నన్నడిగితే, ఆయన గవర్నరుగా చేసినదానికన్నా అంతకుముందు చేసిందే గొప్ప. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడింది. ఒక తలుపుకు తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు, ఎక్కువమంది నీ వయసు ఆడపిల్లలే. తర్వాత వేసిన విచారణ కమిషన్‌కు రాబర్ట్ వాగ్నర్ అధ్యక్షుడు, స్మిత్ ఉపాధ్యక్షుడు. కమిషన్ తరఫున ఫ్యాక్టరీలు పరిశీలించిన ఫ్రాన్సిస్ పెర్కిన్స్ అనే ఆవిడ వీళ్లని ఆఫీసులో కూర్చోనివ్వలేదు. తాళ్లు పేనే ఫ్యాక్టరీలో పదిగంటల నైట్ షిఫ్ట్ ముగించి ఆడవాళ్లు బయటికొచ్చే వేళకు స్మిత్‌ని తీసుకెళ్లి చూపించింది. కూరగాయలు, పండ్లు డబ్బాల్లో నింపే క్యానరీలకూ వెళ్లారు. అక్కడ పసిపిల్లలు కూర్చుని బీన్స్ తుంచుతున్నారు.

క్యానరీ యజమానులు ఏమన్నారో తెలుసా? సరుకు కుళ్లిపోతుంది కాబట్టి వారానికో సెలవన్న రూలు మాకొద్దన్నారు. ‘విశ్రాంతి దినం పాటించమన్న దైవాజ్ఞ జాగ్రత్తగా చదివాను, క్యానరీలకు తప్ప అని అందులో ఎక్కడా కనబడలేదు’ అని స్మిత్ అసెంబ్లీలోనే చురక వేశాడు. నాలుగైదేళ్లలో 30కి పైగా కార్మిక చట్టాలొచ్చాయి.

1918లో గవర్నరుగా గెలిచాడు. 1920లో ఓడాడు. 1922, 24, 26ల్లో వరసగా గెలిచాడు. చెల్లాచెదురుగా ఉన్న వందకు పైగా ప్రభుత్వ విభాగాలను కలిపి ఇరవై లోపుకు కుదించాడు. 1928లో డెమోక్రటిక్ పార్టీ తరఫున దేశాధ్యక్ష పదవికి నిలబడ్డాడు. పెద్ద పార్టీ టికెట్ తెచ్చుకున్న మొదటి క్యాథలిక్ ఆయనే. మతం మీదా, మద్యనిషేధం వద్దన్నందుకూ నానా మాటలన్నారు. చివరికి సొంత రాష్ట్రంలో కూడా ఓడిపోయాడు. తర్వాత ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. 1931లో తెరిచిన ఆ భవనంలో అద్దెకు దిగేవాళ్లు లేక ‘ఎంప్టీ స్టేట్’ అని జనం ఎగతాళి చేశారు. తన పార్టీకే చెందిన అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పేదల కోసం పథకాలు తెస్తే ఈయన ఎదురు తిరిగి, 1936లో రిపబ్లికన్ అభ్యర్థికి మద్దతిచ్చాడు. అది నాకు మింగుడుపడదు. 1944లో పోయాడు.

మన దేశంలో వారానికో సెలవు 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. తోతాపురి లారీలు గేటు బయట బారులు తీరినప్పుడు మీ అమ్మకూ నీకూ ఆ సెలవు దొరుకుతోందా? వచ్చే ఉత్తరంలో రాయి.