'ఎందుకు' అని అడిగితే 'తర్వాత ఏమైంది' అని రాస్తున్న మూడో తరగతి పిల్లలు

గోడకి 'ఎందుకంటే, కాబట్టి' మాటల పట్టిక పెట్టినా, కథ మీద 'ఎందుకు' అని అడిగితే పిల్లలు 'తర్వాత ఏమైంది' అనే రాస్తున్నారని ఒక టీచర్ అడిగారు. వారికి నా జవాబు ఇది.

మీ పిల్లలకి కథ అర్థం కాకపోవడం కాదు. 'ముందు జరిగింది', 'దానివల్ల జరిగింది' వాళ్ళకి ఇంకా విడిపోలేదు. మన భాష కూడా తేడాను దాచేస్తుంది: "లేచి ముఖం కడుక్కుంది"లో ఉన్నది వరుస, "జారి పడింది"లో ఉన్నది కారణం. మాట రూపం మాత్రం ఒకటే. అందుకే పిల్లి తోక తగిలి కుండీ పగిలిన కథలో "కుండీ ఎందుకు పగిలింది?" అంటే "పిల్లి వచ్చింది, తర్వాత పగిలింది" అని రాస్తున్నారు.

మీరు గోడకి పెట్టిన 'ఎందుకంటే, కాబట్టి' పట్టికని కొన్నాళ్ళు పక్కన పెట్టండి.

1. ఫలితంతో మొదలుపెట్టండి. కుండీ పగిలింది. ఎందుకు?

2. చాలామంది వదిలేసేది ఇదే: చెప్పిన కారణాన్ని తీసేసి చూడమనండి. "అప్పుడే గంట మోగింది. మోగకపోతే కుండీ పగిలేది కాదా?" "అయినా పగిలేది" అంటారు. "మరి పిల్లి తోక తగలకపోతే?" ఇక్కడ ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగడమే మనకి కావాల్సింది. దయచేసి జవాబు అందించకండి. ఓ వారం నోటితోనే, రోజుకి ఇలాంటి ప్రశ్నలు రెండు మూడు చాలు.

3. ఆ తర్వాతే రాత. ఒకే సంగతి రెండు రకాలుగా:
"తోక తగిలింది కాబట్టి కుండీ పగిలింది."
"కుండీ పగిలింది, ఎందుకంటే తోక తగిలింది."
రెండోదాంట్లో ఫలితం ముందుకొస్తుంది, తడబడేది అక్కడే. కారణం కింద గీత గీయించండి.

ఎవరైనా రెండో కారణం చెబితే కొట్టేయకండి. కుండీని గోడ అంచున పెట్టడమూ కారణమే.