తల ఎక్కడుందో చూడు: ఒక యువ రచయితకు లేఖ

విశాఖపట్నం

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇంగ్లిషు కథ రెండుసార్లు చదివాను. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున జరిగే వేలంపాట కళ్లకు కట్టింది. కథతోపాటు పెట్టిన ఉత్తరంలో, ఫ్రేజులు, అంటే పదబంధాలు, ఎనిమిది రకాలని ఒక పుస్తకం, ఐదేనని మరొక పుస్తకం చెబుతున్నాయనీ, దేన్ని కంఠస్థం చేయాలో తేలడం లేదనీ వాపోయావు. నన్నడిగితే రెండూ అక్కరలేదు. క్రియల నుంచి పుట్టే జెరండ్, ఇన్ఫినిటివ్, పార్టిసిపుల్ ఫ్రేజులను విడిగా లెక్కపెట్టేవారికి సంఖ్య పెరుగుతుంది. అవి వాక్యంలో చేసే పనిని బట్టి నామవాచకం, విశేషణం, క్రియావిశేషణం కోవల్లో కలిపేసేవారికి తగ్గుతుంది, అంతే. కర్తా, సమాపక క్రియా ఉంటే ఉపవాక్యమనీ, లేకపోతే పదబంధమనీ నీకు బడిలోనే చెప్పి ఉంటారు కనుక అది వదిలేస్తున్నాను. రాసేవాడు ప్రతి పదబంధం దగ్గరా వేసుకోవలసిన ప్రశ్నలు రెండే: దీని తల, అంటే మిగతా మాటలన్నీ ఆధారపడే ముఖ్యపదం, ఏది; ఇది వాక్యంలో దేనికి అతుక్కుంది?

నీ మొదటి పేజీలోని వాక్యమే తీసుకుందాం. ‘ది స్మెల్ ఆఫ్ ఫిష్ ఫ్రమ్ ది బోట్స్ వర్ ఎవ్రీవేర్’ అని రాశావు. ‘వర్’ ఎందుకు పడిందో నాకు తెలుసు. క్రియకు పక్కనే ‘బోట్స్’ అన్న బహువచనం వినిపించింది. తెలుగులో ‘పడవల నుంచి వచ్చే చేపల వాసన’ అంటాం. విశేషణాలన్నీ ముందు నడుస్తాయి, తల చివరికి వచ్చి క్రియ పక్కన కూర్చుంటుంది, అందుకే మన చెవి చివరి నామవాచకాన్నే పెద్దగా ఎంచడానికి అలవాటు పడింది. ఇంగ్లిషు నౌన్ ఫ్రేజులో ‘ఆఫ్’, ‘ఫ్రమ్’ మొదలైనవాటితో వచ్చే తోక తల తరవాత వేలాడుతుంది. ఇక్కడ తల ‘స్మెల్’, అది ఏకవచనం, కాబట్టి ‘వాజ్’ ఉండాలి. వాక్యం ఎంత పొడవైతే ఈ పొరపాటు అంత సులువుగా దొర్లుతుంది.

‘విత్’, ‘ఫ్రమ్’ వంటి ప్రిపొజిషన్‌తో మొదలయ్యే పదబంధాల చిక్కు వేరు. ‘షి ఫొటోగ్రాఫ్డ్ ది ఫిషర్‌మన్ విత్ ఎ ఫోన్’ అన్నావు. ఫోన్ ఎవరి చేతిలో ఉంది? ఆమె ఫోన్‌తో ఫొటో తీసిందా, ఫోన్ పట్టుకున్న జాలరిని తీసిందా? తెలుగులో ‘ఫోన్‌తో’, ‘ఫోన్ పట్టుకున్న’ అన్న రెండు రూపాలు ఈ సందేహాన్ని పుట్టకముందే తీరుస్తాయి. ఇంగ్లిషులో ఒకే పదబంధం క్రియకైనా, పక్కనున్న నామవాచకానికైనా అతుక్కోగలదు. మొదటి సందర్భంలో దాన్ని ఎడ్వర్బ్ ఫ్రేజ్ అనీ, రెండోదానిలో ఎడ్జెక్టివ్ ఫ్రేజ్ అనీ బడి వ్యాకరణం పిలుస్తుంది. పేరు మారుతుందంటే అర్థం మారిందన్నమాట.

‘ఇంగ్’ రూపాల దగ్గర మాత్రం తెలుగే నీకు గీటురాయి. ‘స్విమ్మింగ్ ఎట్ ఆర్కే బీచ్ ఈజ్ డేంజరస్’ అన్నప్పుడు దాన్ని ‘ఈదడం’ అని చెప్పగలవు, కనుక అది నామవాచకంలా పనిచేసే జెరండ్ ఫ్రేజ్. ‘స్విమ్మింగ్ ఎట్ ఆర్కే బీచ్, ది బాయ్స్ డిడ్ నాట్ సీ ది ఫ్లాగ్’ అన్నప్పుడు ‘ఈదుతూ’ అనాలి, కనుక అది పార్టిసిపుల్ ఫ్రేజ్. ‘డం’ వస్తే ఒకటి, ‘తూ’గానీ ‘తున్న’గానీ వస్తే మరొకటి. ఈ రెంటినీ ఒకే రూపంగా చూసే వ్యాకరణవేత్తలూ ఇప్పుడున్నారు; ఆ వాదం నీ కథకు అడ్డు రాదు.

నేను నవ్వులపాలైంది ఈ రెండో రకంతోనే. 31 ఏళ్లు నౌకాదళంలో పనిచేసిన కురుసుర జలాంతర్గామిని 2002లో ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా తెరిచిన కొత్తలో, ఒక ఇంగ్లిషు పత్రికకు వ్యాసం పంపుతూ ‘వాకింగ్ ఎలాంగ్ ది బీచ్ రోడ్, ది సబ్‌మెరైన్ లుక్డ్ హ్యూజ్’ అని గర్వంగా మొదలుపెట్టాను. సంపాదకుడు మార్జినులో ‘జలాంతర్గామి నడుస్తోందా?’ అని రాసి తిప్పి పంపాడు. తప్పు నాదే అయినా, దానికి విత్తనం వేసింది మన నుడికారం. ‘వాన కురిసి చెరువు నిండింది’ అంటే కురిసింది వాన, నిండింది చెరువు. కర్తలు వేరైనా తెలుగు వాక్యానికి ఏ నొప్పీ లేదు. ‘బీచ్ రోడ్డులో నడుస్తుంటే జలాంతర్గామి పెద్దగా కనిపించింది’ అంటే నడిచింది నేనని వినేవాడికి దానంతటదే తెలుస్తుంది. ఇంగ్లిషులో వాక్యం మొదట్లో కర్త లేకుండా వచ్చిన పార్టిసిపుల్ ఫ్రేజ్ నేరుగా ఆ తరవాతి కర్తను పట్టుకుంటుంది. ‘యాజ్ ఐ వాక్డ్’ అని ఉపవాక్యం చేసి ఉంటే నాకు ఆ అవమానం తప్పేది.

నీ కథ మూడో పేజీలో ‘కమింగ్ ఔట్ ఆఫ్ ది హార్బర్, ది సన్ వాజ్ రైజింగ్’ అని ఉంది. హార్బర్‌లోంచి బయటికి వస్తున్నది సూర్యుడు కాదు, నీ నాయకుడి పడవ. దాన్ని సరిచేసి, మిగతా పేజీల్లో కామాకు ముందు వచ్చిన ప్రతి ‘ఇంగ్’ కిందా పెన్సిల్‌తో గీత గీసి, దాని కర్త ఎవరో పక్కన రాసుకో. ఆదివారం పూర్ణా మార్కెట్ వైపు వచ్చినప్పుడు ఆ కాగితాలు తీసుకొని ఇంటికి రా, కూర్చుని చూద్దాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి