అల్లం అన్ని జలుబులకీ కాదు

చలికాలం మొదలయ్యాక కోరాపుట్, రాయగడ, గజపతి, మల్కన్‌గిరి జిల్లాల పాఠకులు చైనా సంప్రదాయ వైద్యం గురించి అడిగిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: చలికి అల్లాన్ని మించింది లేదని చైనా వైద్యం చెబుతుందని విని, ఇంటిల్లిపాదికీ రెండు పూటలా అల్లం కషాయం ఇస్తున్నాను. మా ఆయనకి జలుబు పోయింది. పదేళ్ళ బాబుకి మాత్రం గొంతు నొప్పి పెరిగింది. ఎందుకిలా?
– ఒక గృహిణి, జయపురం

జవాబు: ఇద్దరిదీ ఒకే జలుబు కాదు గనక. చైనా వైద్యులు జలుబుని ముందు రెండుగా విడదీస్తారు. చలిగాలి పట్టిన జలుబులో వణుకు ఎక్కువ, జ్వరం తక్కువ. చెమట పట్టదు, ముక్కు నీళ్ళలా కారుతుంది, మెడ పట్టేస్తుంది, నాలుక మీద పల్చని తెల్ల పాచి ఉంటుంది. వేడిగాలి పట్టిన జలుబులో గొంతు ఎర్రబడి మండుతుంది, దాహం వేస్తుంది, చీమిడి పచ్చగా చిక్కగా వస్తుంది, నాలుక కొస ఎర్రగా కనిపిస్తుంది. అల్లం మొదటిదానికే. రెండోదానికి ఇస్తే మండే పొయ్యిలో ఇంకో కట్టె ఎగదోసినట్టు. నాలుక చూసేది పొద్దున్నే, బద్దతో గీకకముందు, కాఫీ తాగకముందు, కిటికీ వెలుతురులో.

చలి జలుబుకి కషాయం ఇలా పెట్టండి. బొటనవేలి కణుపంత పచ్చి అల్లం, అంటే సుమారు 10 గ్రాములు, పల్చగా తరిగి రెండు గ్లాసుల నీళ్ళలో ఐదారు నిమిషాలు మరగనివ్వాలి. ఉల్లికాడల తెల్లటి మొదళ్ళు మూడు చితక్కొట్టి వేసి, రెండు నిమిషాలకి దించి మూత పెట్టాలి. వేడిగా ఒక గ్లాసు తాగి దుప్పటి కప్పుకోవాలి. వీపు మీద చెయ్యి పెడితే సన్నగా తడి తగిలిందా, ఇక చాలు. చెమట ధారలు కట్టేదాకా పట్టుబడితే నీరసమొస్తుంది, ఆ తడి ఒంటికి గాలి తగిలి మళ్ళీ మొదటికొస్తుంది.

ఎక్కువమంది చేసే పొరపాట్లు రెండు. అరగంటసేపు మరిగించడం ఒకటి: ఘాటంతా ఆవిరితో పోయి కారం నీళ్ళు మిగులుతాయి. పచ్చి అల్లం బదులు శొంఠి వేయడం రెండోది. చైనా లెక్కలో పచ్చి అల్లం చలిని చర్మం దారిన బయటికి తోస్తుంది. శొంఠి కడుపులో వేడి పుట్టిస్తుంది, దాన్ని చలువ చేసిన పొట్టకి వాడతారు. జలుబు తగ్గిన రోజే కషాయం మానాలి. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళు డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టకూడదు.

బాబుకి అల్లం ఆపేయండి. పదిహేను పుదీనా ఆకుల మీద గ్లాసు మరిగిన నీళ్ళు పోసి, ఐదు నిమిషాలు మూత పెట్టి, గోరువెచ్చగా ఇవ్వండి. చైనాలో ఎండు చామంతి కూడా కలుపుతారు గానీ దండలకి అమ్మే చామంతి జోలికి పోకండి, దానికి పురుగుమందు కొడతారు. మూడో రోజుకీ జ్వరం దిగకపోయినా, ఊపిరి ఎగబోస్తున్నా, మింగడం కష్టమైనా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

ప్రశ్న: రాత్రి పాదాలు మంచుగడ్డల్లా ఉండి నిద్ర పట్టదు. వేడి నీళ్ళలో పెట్టమంటున్నారు. నాకు షుగర్ ఉంది.
– విశ్రాంత ఉద్యోగి, గుణుపురం

జవాబు: చైనా వైద్యంలో చలికాలం మూత్రపిండాల కాలం, వాటి శక్తి పారే నాడి అరికాలి నుంచే మొదలవుతుందంటారు. అందుకే ఈ పాదస్నానం. నీళ్ళు చీలమండ మునిగేలా, 40 డిగ్రీల దగ్గర, 15 నిమిషాలు, భోజనమైన గంట తర్వాత. నుదురు చెమర్చగానే కాళ్ళు తీసేయాలి. తుడుచుకున్నాక వేళ్ళు ముడిస్తే అరికాలి ముందు భాగంలో చిన్న గుంట పడుతుంది, అక్కడ బొటనవేలితో రెండు నిమిషాలు నొక్కండి.

మీ సంగతి వేరు. షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గితే నీళ్ళు కాలుతున్నా తెలియదు, బొబ్బలెక్కాకే చూసుకుంటారు. కాబట్టి నానబెట్టడం మానేసి పొడి నూలు మేజోళ్ళు వేసుకోండి. కాళ్ళు తిమ్మిరెక్కుతుంటే డాక్టరుకి చూపించాలి. కుంపటి మంచం కింద పెట్టి తలుపులు మూయడం మాత్రం ఎవరూ చేయొద్దు, ఆ బొగ్గు వాయువుకి వాసన కూడా ఉండదు.

ప్రశ్న: చైనావాళ్ళు చలికాలం ఆలస్యంగా లేవమంటారట. నిజమేనా?
– విద్యార్థిని, రాయగడ

జవాబు: నిజమే. వాళ్ళ ప్రాచీన వైద్యగ్రంథం ‘హువాంగ్‌డీ నేయ్‌జింగ్’ చలికాలం పెందలాడే పడుకుని, ఎండ పొడ వచ్చాక లేవమంటుంది. మన వైపు జనవరిలో ఎండ ఆరున్నరకే వస్తుంది, తొమ్మిదింటి దాకా ముసుగు తన్నడానికి అది అనుమతి కాదు! ధనుర్మాసం ముగ్గుకి చీకటితో లేచేవాళ్ళు తడి జుట్టుతో వాకిట్లో కూర్చోకుండా మెడ వెనక గుడ్డ కప్పుకోండి. గాలి చొరబడేది అక్కడినుంచే అని వాళ్ళ నమ్మకం.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చైనా మూలికల మాత్రలు తెప్పించుకోవచ్చా?
– దుకాణదారు, పర్లాకిమిడి

జవాబు: వద్దు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన స్త్రీలకి మూత్రపిండాలు చెడిపోయాయి. దగ్గరి పేర్లున్న రెండు మూలికల్లో ఒకదానికి బదులు ఇంకోటి కలిసింది. అది అరిస్టొలోకియా జాతిది. మన ఈశ్వరి తీగ కూడా ఆ జాతిదే, ఆ వేరు అరగదీసి తాగే అలవాటుంటే మానండి. ‘మా హువాంగ్’ అనే మూలిక గుండె దడ, బీపీ పెంచుతుంది. దాని సారమున్న పోషక మాత్రల్ని అమెరికా 2004లో నిషేధించింది. అతిమధురం రోజూ వాడినా బీపీ పెరుగుతుంది.

ప్రశ్న: మలేరియాకి చైనా ఆకు మందుందట. మా పెరట్లో మాచిపత్రి అదేనా?
– రైతు, మల్కన్‌గిరి

జవాబు: కాదు, దాని దాయాది. ఆ చైనా మొక్కనుంచి ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు తీసినందుకే చైనా శాస్త్రవేత్త తూ యూయూకి 2015లో నోబెల్ వచ్చింది. మరిగిస్తే మందు చెడుతోందని ఆమెకి తోచింది పాత గ్రంథంలో ‘నీళ్ళలో నానబెట్టి రసం పిండు’ అన్న మాట చూశాకే. కాబట్టి కషాయం కాచి లాభం లేదు. చలితో జ్వరమొస్తే, చలికాలమే కదా అనుకోకుండా అదే రోజు ఆశా కార్యకర్త దగ్గర రక్తపరీక్ష చేయించండి. మాత్రలిస్తే రెండో రోజుకే జ్వరం దిగినా చివరి మాత్ర దాకా వేసుకోండి.