దేహాన్ని మట్టిగా మార్చే పద్ధతికి మన చట్టం అంగీకరిస్తుందా?

ప్రశ్న: తన తదనంతరం కట్టెలు కాల్చవద్దని, విదేశాల్లోలాగా దేహాన్ని మట్టిగా మార్చాలని మా నాన్నగారు కోరుతున్నారు. ఇక్కడ అది సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మన రాష్ట్రంలో ప్రస్తుతం అందుకు ఏర్పాటు లేదు. శ్మశానాలు, దహనవాటికలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 10వ అంశం కనుక, దానిపై చట్టం చేయవలసింది శాసనసభే. అమెరికాలో తొలిసారిగా వాషింగ్టన్ రాష్ట్రం 2019లో ఇందుకు చట్టం చేసింది. చెక్కపొట్టు, గడ్డి మధ్య ఉంచిన దేహం, గాలి ఆడే పెద్ద తొట్టిలో సూక్ష్మజీవుల చర్య వల్ల కొన్ని వారాల్లో మట్టిగా మారుతుంది. వేడినీటిలో క్షారం కలిపి దేహాన్ని కరిగించి, మిగిలిన ఎముకల పొడిని కుటుంబానికి అప్పగించే పద్ధతి మరొకటి. 2021 డిసెంబరులో మరణించిన దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు భౌతికకాయానికి ఆయన కోరిక మేరకు ఈ రెండో పద్ధతినే అనుసరించారు.

ఒక్కో చితికి వందల కిలోల కట్టెలు కావలసి రావడమూ, తుపాను రోజుల్లో పెన్నా ఒడ్డున తడికట్టెలు అంటుకోక ఆప్తులు పడే వేదనా చూస్తే, ఇష్టపడినవారికి ఈ మార్గాలను చట్టబద్ధం చేయడం న్యాయమని నా దృఢాభిప్రాయం. ఎవరి ఆచారానికీ దీనివల్ల భంగం కలగదు.

అంతవరకు విద్యుత్, గ్యాస్ దహనవాటికలు కొంత మేలు. దేహదానానికి మీ నాన్నగారు సమ్మతిస్తే, నెల్లూరులోగాని ఒంగోలులోగాని ప్రభుత్వ వైద్య కళాశాల అనాటమీ విభాగాన్ని ముందుగానే సంప్రదించి, సాక్షుల సంతకాలతో అంగీకారపత్రం రాయించండి. మరణానంతరం దేహాన్ని అప్పగించవలసినది కుటుంబమే కనుక, తోబుట్టువులందరితోనూ ఇప్పుడే మాట్లాడండి.