ఆ 200 మిల్లీసెకన్లు ఎక్కడివి?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. లైనక్స్ బోర్డును సస్పెండ్ చేసి, అంటే నిద్రపుచ్చి, రెజ్యూమ్‌తో లేపితే తెర రాకపోవడం గురించి తెలుగులో రాయడానికి పూనుకున్నావు, సంతోషం. కానీ మూడో పేజీలో "రెజ్యూమ్ ఫంక్షన్‌లో 200 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టగానే సమస్య తీరింది" అని రాసి, వెంటనే ముగింపులోకి దూకేశావు. అక్కడ కాగితాలు పక్కన పడేసి లేచి వెళ్లిపోయాను. ఆ 200 ఎక్కడిది? ప్యానెల్ (తెర) తయారీదారు ఇచ్చే డేటాషీటులో ఉందా, చేతికి వచ్చిన అంకె వేశావా? కాకి వాలింది, తాటిపండు రాలింది. నువ్వు కాకి మీద వ్యాసం రాశావు.

"తెర నల్లగా ఉంది" అని పదకొండు చోట్ల రాశావు. లెక్కపెట్టాను. నల్లగా అంటే ఎలా? చీకట్లో టార్చి వేసి ఏటవాలుగా చూశావా? ఎల్‌సీడీ మీద బొమ్మ లీలగా కనిపిస్తే ప్యానెల్ బతికే ఉంది, ఆరింది బ్యాక్‌లైట్ ఒక్కటే. అప్పుడు వెతకాల్సింది వెలుగును ఎక్కించి దించే పీడబ్ల్యూఎం సంకేతం దగ్గర, బ్యాక్‌లైట్‌కు కరెంటిచ్చే రెగ్యులేటర్ దగ్గర. బ్యాక్‌లైట్ వెలుగుతూ బొమ్మ మాత్రం లేదంటే అది వేరే జబ్బు. సరఫరా ఆగడంతో ప్యానెల్ తన రిజిస్టర్లలోని అమరికలను మరిచిపోయి ఉండవచ్చు, తెరను నడిపే డ్రైవరు ఆరంభ ఆదేశాలు మళ్లీ పంపి ఉండకపోవచ్చు. సీరియల్ కన్సోల్ (బోర్డు సందేశాలను తీగ మీద బయటికి పంపే దారి) కూడా పలకకపోతే బోర్డే నిద్ర లేచిందో లేదో చూసుకోవాలి, తెరను తిట్టి లాభం లేదు. ఇన్నిటికీ కలిపి ఒకే మాట వాడేశావు! కంటితో చూసింది ముందు రాయి నాయనా, నీ అనుమానం తర్వాత రాద్దువు గాని.

నేనూ ఇలాగే దెబ్బతిన్నాను. ఒక డీఎస్ఐ (తెరకు బొమ్మ పంపే ఒక రకం అనుసంధానం) ప్యానెల్ పదిసార్లు లేపితే ఒకసారి మొరాయించేది. కన్సోల్ నిద్రపోకుండా కెర్నెల్‌కు 'నో కన్సోల్ సస్పెండ్' అనే ఐచ్ఛికం ఇచ్చి, డ్రైవరులో కన్సోల్ మీద సందేశం రాసే రెండు ప్రింటు వాక్యాలు పెట్టాను. జబ్బు మాయం. తీసేస్తే మళ్లీ హాజరు. మూడు వారాలు కంపైలర్‌ను అనుమానించాను! చివరకు కాగితం మీద లెక్క వేశాను. 115200 వేగంతో నడిచే సీరియల్ తీగ మీద ఒక్కో అక్షరానికి పది బిట్లు, 80 అక్షరాల వరుసకు దాదాపు 7 మిల్లీసెకన్లు, రెండు వరుసలకు 14. రీసెట్ వదిలాక మొదటి ఆదేశానికి ముందు 10 మిల్లీసెకన్లు ఆగమని ఆ ప్యానెల్ డేటాషీటు చెబుతోంది. మా డ్రైవరు ఆగడం లేదు, నా ప్రింట్లు దాని బదులు ఆగుతున్నాయి. బూట్ అయినప్పుడు ఇబ్బంది ఎందుకు లేదంటే, లోగో చూపించడానికి బూట్‌లోడర్ (కెర్నెల్‌ను ఎక్కించే ప్రోగ్రాము) అప్పటికే ప్యానెల్‌ను సిద్ధం చేసి పెట్టేది. నిద్ర లేచేటప్పుడు ఆ ఉపకారం చేసేవారు లేరు.

ఇదంతా రాసి పంపితే ఒక సంపాదకుడు మూడు వారాల కథనూ కోసేసి, "10 మిల్లీసెకన్లు ఆగండి" అనే ముక్కను నాలుగు గీతల మధ్య పెట్టి అచ్చువేశాడు. పాఠకులకు పరిష్కారం చాలట. ఆ అంకెను ఎత్తి మరో ప్యానెల్‌కు అతికించిన పాఠకుడు నాకు కోపంగా ఉత్తరం రాశాడు. ఆయన ప్యానెల్‌కు స్లీప్ అవుట్ (ప్యానెల్‌ను నిద్ర లేపే) ఆదేశం తర్వాత 120 మిల్లీసెకన్లు కావాలి. తిట్లు నాకు, పేరు పత్రికకు. ఇప్పుడు 'అయిదు మెట్లలో' అనే ఫ్యాషన్ వచ్చింది, దాని గురించి మొదలుపెడితే ఈ ఉత్తరం తెమలదు.

పీఎం టెస్ట్ (సస్పెండ్‌ను అంచెలంచెలుగా పరీక్షించే కెర్నెల్ సదుపాయం) ఊసే లేదు నీ వ్యాసంలో. ఫ్రీజర్, డివైసెస్, ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్ అని ఒక్కో అంచె దాకా వెళ్లి, మామూలుగా 5 సెకన్లు ఆగి వెనక్కి వస్తుంది. డివైసెస్ దగ్గరే తెర పోతే ముందు డ్రైవర్ల సస్పెండ్, రెజ్యూమ్ ఫంక్షన్లు తిరగేయి. అన్ని అంచెలూ దాటి, నిజమైన నిద్ర తర్వాతే పోతే విద్యుత్ పోయి ఖాళీ అయిన రిజిస్టర్లను అనుమానించు. పైగా మూడుసార్లు లేపి చూసి తీరిందన్నావు. బోర్డు గడియారంలో అలారం పెట్టి లేపే ఆర్‌టీసీవేక్‌తో రాత్రంతా లేపించు, మూడు వందల సార్లు.

సస్పెండ్‌కు తెలుగు మాట వెతకకు, సస్పెండ్ అనే రాయి. శీర్షిక, పారితోషికం సంగతులు మరోసారి.

రాతప్రతి వెనక్కి పంపుతున్నాను. ఆ 200ను కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పో. ఏ అంకె దగ్గర తెర మళ్లీ పోతుందో, అప్పుడు టార్చి వెలుగులో ఏమి కనిపించిందో రాసి పంపు, డేటాషీటు పేజీ నంబరుతో సహా.