అదురు మీద అలుసెందుకు?

సందేహం: మా అమ్మాయి ఏరోనాటిక్స్ చదువుతోంది. ఎగిరే హెలికాప్టర్‌లో రెక్కలూ బాడీ ఎలా కదులుతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టడం గురించి తెలుగులో వ్యాసం రాస్తూ ‘బాడీ అదురుతుంది’ అంది. చదివినవాళ్లు అది సినిమా మాట, ‘కంపిస్తుంది’ అని దిద్దమన్నారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: దిద్దొద్దని చెప్పండమ్మా. ‘అదురు’ నిన్న మొన్న పుట్టిన మాట కాదు. తమిళంలో ‘అదిర్’, కన్నడంలో ‘అదిరు’ దీని తోబుట్టువులు. తమిళంలో దానికి మారుమోగడమనే అర్థం కూడా ఉంది. కదలికా చప్పుడూ రెండూ ఇమిడిన మాట ఇది. 1967లో ఒంగోలులో వచ్చిన భూకంపం గురించి చెప్పేటప్పుడు పెద్దలు ‘భూమి అదిరింది’ అనడమే విన్నాను, ‘వణికింది’ అనడం వినలేదు. గూడ్సుబండి పోతుంటే గూట్లో స్టీలు గ్లాసులు అదురుతాయి. జ్వరమొచ్చిన పిల్లవాడు వణుకుతాడు. అదురు బయటి నుంచి వచ్చి తగిలేది, వణుకు లోపల పుట్టేది. తేడా పట్టుబడకపోతే మన నెల్లూరు తిక్కనగారి విరాటపర్వం తీసి ఉత్తర గోగ్రహణం చదవండి. కౌరవసేనను చూసిన ఉత్తరుడిది వణుకు. అర్జునుడు శంఖం పూరిస్తే చుట్టూ పుట్టేది అదురు.

ఇక హెలికాప్టర్. నాలుగు రెక్కల రోటర్ నిమిషానికి 300 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు తిరుగుతోందనుకోండి. ముందుకు పోతున్నప్పుడు ప్రతి రెక్కకూ ఒక పక్క ఎదురుగాలి ఎక్కువ, రెండో పక్క తక్కువ. అందుకే చుట్టు చుట్టుకూ రెక్క పైకీ కిందికీ ఊగుతుంది, ముందుకూ వెనక్కూ జరుగుతుంది, మెలి తిరుగుతుంది. ఆ నాలుగు రెక్కల ఊపూ ఇరుసు దగ్గర కలిసి, బాడీకి ముఖ్యంగా సెకనుకు 20 సార్లు తగులుతుంది. బాడీ తనంతట తాను ఊగే వేగం ఆ 20కి దగ్గరపడితే ఊపు పెరిగిపోతుంది. దాన్ని తయారీకి ముందే పట్టుకోవడానికే కంప్యూటర్ మోడల్. బాడీకి అది పైనుంచి వచ్చి తగిలినదే కదా, ‘అదురు’ కంటే అతికే మాట ఏముంది? రెక్కకు మాత్రం ‘ఊగు’, ‘మెలి’ వాడమనండి. జెండాకైతే రెపరెప.

‘కంపనం’ తప్పని అనను, సూత్రాల్లో ఉండనివ్వండి. భూమికీ, గొంతుకూ, యంత్రానికీ అదొక్కటే అంటించే పేపర్ల అలవాటే బాగాలేదు. ‘సినిమా అదిరింది’ అని ఊరికే వాడి ఈ మాటను మెచ్చుకోలుకు కట్టేసినవాళ్లదీ తప్పే. ‘నమూనీకరణ’ జోలికి అసలు పోవద్దు, ‘మోడల్ కట్టడం’ చాలు.

ఒక్క చిక్కుంది. కన్ను అదురుతుంది, కోపంతో పెదవులు అదురుతాయి. అవి బయటి నుంచి తగిలినవి కావు. కనుక నేను చెప్పిన తేడాను యంత్రాల వరకే గట్టిగా పట్టుకోండి.