నాన్న బిళ్ళ మీది నంబరు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా నాన్న నౌపడ–గుణుపురం చిన్న రైలు లైను మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు, పోయి మూడేళ్లయింది. మొన్న ఆయన ట్రంకు పెట్టె సర్దుతుంటే డ్యూటీలో పెట్టుకునే ఇత్తడి బిళ్ళ దొరికింది. దాని మీద నాలుగు, ఒకటి స్పష్టంగా ఉన్నాయి, చివరి అంకె మాత్రం బాగా అరిగిపోయింది. అమ్మ అది ఏడు అంటుంది, బాబాయి కాదు ఒకటి అంటాడు. వచ్చే నెల కారు కొంటున్నాం, మా ఇంట్లో మొదటి కారు, దానికి ఆ నంబరే ఉండాలని నా కోరిక. వర్జీనియాలో ఉన్న మా తమ్ముడు తన కారు ప్లేటు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘నాన్న’ అని పెట్టుకున్నాడు, మనకీ అలా కుదురుతుందేమో కనుక్కోమంటున్నాడు. కారు శ్రీకాకుళంలో కొందామనుకుంటున్నాం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ముందు ఆ బిళ్ళ సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతాదంతా ఆ చివరి అంకె మీదే ఆధారపడి ఉంది. దాన్ని చింతపండు పెట్టి తోమకండి. పల్చటి తెల్ల కాగితం బిళ్ళ మీద పరిచి, మెత్తటి పెన్సిలు ములికిని పడుకోబెట్టి మెల్లగా రుద్దండి. ఇత్తడి మీద అంకె నొక్కిన చోట ఎంత అరిగినా కాస్త గుంట మిగులుతుంది, అది కాగితం మీద తెల్లగా తేలుతుంది. పైన అడ్డగీత ఆనవాలు కనిపిస్తే అమ్మ మాటే నిజం. అప్పటికీ తేలకపోతే నాన్నగారి పాత జీతం చీటీలు ఏమైనా మిగిలాయేమో, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని వెతకండి.

ఇక మీ తమ్ముడు అన్నది. వర్జీనియాలో అది మామూలే, ఏడాదికి 10 డాలర్లు అదనంగా కడితే ఎవరికి నచ్చిన అక్షరాలు వాళ్లు పెట్టుకోవచ్చు, అప్పటికే ఇంకొకరు తీసుకుని ఉండకూడదు, బూతు మాటలు కాకూడదు. మన దగ్గర అలా కుదరదు. రాష్ట్రం అక్షరాలు, జిల్లా అంకె, సిరీస్ అక్షరాలు అన్నీ ప్రభుత్వం ఇచ్చేవే. మీది ఒడిశాలో గజపతి జిల్లా కాబట్టి ఓడీ 20 వస్తుంది (2012కి ముందు బండ్ల మీద ఓఆర్ ఉండేది, మీ వీధిలో ఇప్పటికీ ఒకటో రెండో కనిపిస్తాయి). మన చేతిలో ఉన్నది చివరి నాలుగు అంకెలే. మీ నాన్నగారి నంబరు మూడంకెలది కాబట్టి ముందు సున్నా చేరి, చివరిది ఏడైతే 0417, ఒకటైతే 0411 అవుతుంది. ప్రస్తుతానికి ఏడే అనుకుందాం.

ఈ నాలుగంకెలను వంకర్లు తిప్పి అక్షరాల్లా రాయించుకునేవాళ్లు ఉన్నారు. 8055ను ఇంగ్లీషులో బాస్ అని చదివించేలా, మహారాష్ట్ర వైపు మరాఠీ అక్షరాల్లా కనిపించేలా 4141ని పాపా అని, 214ను రామ్ అని. మీరు దయచేసి ఆ పని చేయకండి. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. అల్యూమినియం రేకు, ఎడమ పై మూలన అశోక చక్రం హోలోగ్రాం, దాని కింద లేజరుతో చెక్కిన ప్రత్యేక సంఖ్య, ఒకసారి బిగిస్తే విప్పడానికి వీల్లేని లాక్. దాని మీద స్టిక్కరు అంటించినా, అంకెల తీరు మార్చినా చలానా తప్పదు. నాన్నగారి నంబరు ఉన్న బండిని రోడ్డు పక్కన ఆపించుకోవడం మీకూ బాగుండదు.

నంబరు ఎలా తెచ్చుకోవాలంటే, కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైట్‌లో ఫ్యాన్సీ నంబర్ల విభాగంలో మీ ఆర్టీవో ఆఫీసు ఎంచుకుని 0417 ఖాళీగా ఉందేమో చూడండి. జనం 1 కోసం, 9 కోసం, 786 కోసం, 9999 కోసం పోటీ పడతారు, లక్షలు పోస్తారు. 0417 కోసం ఎవరు వస్తారు చెప్పండి? పోటీ లేకపోతే మొదటి రుసుముకే మీకు వచ్చేస్తుంది, అది ఎంతో సైట్‌లోనే కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త, డీలరు రిజిస్ట్రేషన్ ఫైలు పంపక ముందే ఇదంతా అయిపోవాలి, మామూలు నంబరు ఒకసారి పడిపోయాక ఏం చేయలేం. కారు శ్రీకాకుళంలో కొన్నా పర్వాలేదు, అక్కడ టెంపరరీ రిజిస్ట్రేషన్ మాత్రమే చేయించుకుని పర్లాకిమిడికి తెచ్చి ఇక్కడ చేయించండి. అక్కడే పూర్తిగా చేయిస్తే ఏపీ నంబరు పడుతుంది.

నా సంగతి ఒకటి చెప్పాలి. బరంపురంలో నేను కారు కొన్నప్పుడు ఒక బ్రోకరు కూడితే తొమ్మిది వచ్చే నంబరైతే కలిసొస్తుందని చెప్పి, అదనంగా డబ్బు తీసుకుని ఇప్పించాడు. మా నాన్న సైకిలుకి మున్సిపాలిటీ వాళ్లు ఇచ్చిన బిళ్ళ అప్పటికి మా గోడ మేకుకే వేలాడుతోంది. దాని మీద నంబరు నాకు నోటికి వచ్చు. ఆ రోజు అది ఎందుకు గుర్తు రాలేదో ఇప్పటికీ బాధే, కారు తీసినప్పుడల్లా కళ్ల ముందు ఆ ముక్కూ మొహం తెలియని నంబరే ఉంటుంది. అందుకే మీ ఉత్తరం చదివి వెంటనే జవాబు రాస్తున్నాను.

0417 ఈ సిరీస్‌లో ఎవరికైనా వెళ్లిపోయి ఉంటే తర్వాతి సిరీస్ దాకా ఆగండి, సిరీస్ అక్షరాలు మారితే అదే నంబరు మళ్లీ ఖాళీగా వస్తుంది. ఆగలేమంటే ఇంకో నంబరు చెబుతాను, 0762. 1900లో మొదలైన మన చిన్న రైలు పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. 2004లో ఆ బండి ఆగిపోయి తర్వాత బ్రాడ్‌గేజ్ వచ్చింది కానీ, మీ నాన్నగారు ఎండలో వానలో సరిచూస్తూ నడిచింది ఆ వెడల్పునే. అమ్మకు చెప్పి చూడండి, ఆవిడకు వెంటనే అర్థమవుతుంది.

బిళ్ళను మాత్రం కారు తాళాలకు తగిలించకండి, ఉన్న రెండంకెలూ అరిగిపోతాయి. పెన్సిలు రుద్దాక ఏడు తేలిందో ఒకటి తేలిందో నాకు ఒక ముక్క రాయండి, ఎదురుచూస్తుంటాను.